పార్టీకి వెళ్ళండి, ఆ రాత్రి బాకీని నగతో తీర్చకండి

ప్రశ్న: మాది నిజాంపేటలో అపార్ట్‌మెంట్. మా పై అంతస్తులో ఉండే అక్క రెండు మూడు నెలలకోసారి ఇంట్లో నగల పార్టీ పెడుతుంది. తనకు తెలిసినావిడ ఎవరో ట్రేలు తెచ్చి హాల్లో పరుస్తారు. మా బ్లాకు ఆడవాళ్ళం, అక్క స్నేహితులు అంతా చేరతాం. టిఫిన్లు, కాఫీలు, కబుర్లతో సరదాగానే ఉంటుంది. కానీ ఖాళీ చేతులతో బయటికి రావడం నా వల్ల కావట్లేదు. కిందటిసారి వన్ గ్రామ్ గోల్డ్ అంటే 8,500 పెట్టి కాసుల హారం తీసుకున్నాను. నాలుగు నెలలకే మెడ వెనక పూత పోయి ఎర్రగా తేలింది. మా వారికి 1,500 అని చెప్పాను. బ్యాంకు మెసేజ్ చూసి అసలు ధర తెలుసుకున్నారు. పెద్ద గొడవైంది. ఇప్పుడు శ్రావణమాసం అని వచ్చే శనివారం మళ్ళీ పార్టీ. ఈసారి వెండి నగలు, కొంచెం బంగారం కూడా వస్తాయట. నెలకు 5,000 చొప్పున పన్నెండు నెలల నగల చిట్టీ మొదలుపెడతారట. "నువ్వు లేకుండా ఎలా, నీ పేరు ముందే రాసేశా" అంది అక్క. ఇంటి లోను కట్టుకుంటూ ఇవన్నీ మోయలేను. కానీ మా బాబుకు జ్వరంతో అర్ధరాత్రి ఫిట్స్ వస్తే, మా వారు ఊళ్ళో లేని ఆ రోజు, తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళి తెల్లవార్లూ నా పక్కన కూర్చున్నది ఆవిడే. ఆవిడకు కాదని ఎలా చెప్పను? అసలు వెళ్ళకుండా ఉండిపోనా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం నిండా నగల సంగతే ఉంది. బాబును ఆసుపత్రికి తీసుకెళ్ళిన రాత్రి గురించి చివర్లో ఒక్క ముక్క రాశారు. నాకు మాత్రం అసలు విషయం అక్కడే కనిపించింది. ఆ రాత్రి ఆవిడ చేసిన సాయానికి ఏం ఇచ్చినా తక్కువేనని మీ మనసులో ఉంది. ఇచ్చే దారి దొరకలేదు. ఆవిడ హాల్లో ట్రే ముందు కూర్చోబెట్టి "ఇది నీకు భలే ఉంటుందే" అనగానే ఆ బరువంతా గుర్తొచ్చి చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. ఆ 8,500 మీరు ఆ రాత్రికి కట్టారు. అందుకే నచ్చిందో లేదో చూసుకోకుండా తీసుకున్నారు. అందుకే పూత పోయిందని ఇప్పటికీ ఆవిడతో అనలేకపోతున్నారు.

ఇలా కడుతూ పోతే ఎన్ని హారాలు కొన్నా అది తీరదు. పక్కింటి పిల్లాడు ఒళ్ళు కాలిపోతుంటే మనసున్న మనిషి చేసే పని ఆవిడ చేసింది, ఎక్కడా లెక్క రాసుకోలేదు. ఇరుగుపొరుగు వాళ్ళు ఒకరికొకరు తీర్చుకునే పద్ధతులు వేరే ఉన్నాయి. ఆ మాట చివర్లో చెప్తాను. ముందు శనివారం సంగతి చూద్దాం.

వెళ్ళండి. మానేయొద్దు. ఈసారి తలనొప్పి అంటారు, వచ్చేసారి చుట్టాలొచ్చారంటారు, ఆ తర్వాత లిఫ్టులో ఆవిడ కనిపిస్తే మెట్ల వైపు తిరుగుతారు. ఒక మనిషి మీద ప్రేమతో మొదలైన మొహమాటం ఆ మనిషినే దూరం చేస్తుంది. పైగా అపార్ట్‌మెంట్లలో ఆడవాళ్ళు పది మంది ఒకచోట కూర్చుని తీరిగ్గా మాట్లాడుకునే సందర్భాలు ఎన్ని? ఇలాంటి చోట సగం పేరంటం ఉంటుంది, సగం అంగడి ఉంటుంది. మీరు పేరంటానికి వెళ్ళండి.

నేను బందరులో పెరిగాను. మా వీధిలోకి గాజుల మలారం వస్తే ఎవరో ఒకరి అరుగు మీద దించేవాళ్ళు. ఆ పూట వీధి ఆడవాళ్ళంతా అక్కడే. గాజులు వేయించుకునేవాళ్ళు నలుగురైతే చూడ్డానికి వచ్చేవాళ్ళు పది మంది. అరుగు గలావిడ అందరికీ మజ్జిగ ఇచ్చేది. బేరం కుదరకపోతే "మళ్ళీ రావయ్యా" అని పంపేయడానికి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. అమ్మేవాడు బయటివాడు. మనం కొన్నా కొనకపోయినా అరుగు గలావిడకు ఒకటే.

ఇప్పటి పార్టీలో మారింది ఇదొక్కటే. అమ్మే మనిషి వెనక మన స్నేహితురాలు నిలబడి ఉంటుంది. అమెరికాలో 1950లలో ప్లాస్టిక్ డబ్బాలు అమ్మడానికి ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. ఒక ఇల్లాలు తన వాళ్ళను పిలుస్తుంది, పలహారం పెడుతుంది, అమ్మకాన్ని బట్టి ఆమెకు బహుమతో కమిషనో ముడుతుంది. షాపులో "వద్దండీ" అని లేచి రావడానికి అర నిమిషం చాలు. వేడి వేడి ఇడ్లీ పెట్టి "ఇంకొక్కటి వేసుకో" అన్న మనిషి ముందు ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది.

మీ అక్కకు కూడా ఏదో ఒకటి ముడుతూ ఉండొచ్చు. అందులో తప్పు లేదు. ఇంట్లో ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకునే దారి ఆడవాళ్ళకు తేలిగ్గా దొరకదు. ఆవిడ కష్టాన్ని గౌరవించండి. అక్కడ కూర్చుని ఫోనులో అదే నగ ఆన్‌లైన్ ధర వెతికి పక్కావిడకు చూపించకండి. గౌరవించడమంటే ప్రతిసారీ కొనడం అనుకోకండి, అంతే.

కాదని ఎలా చెప్పాలని అడిగారు. కారణం చెప్పకుండా చెప్పాలి. ఇది చాలా ముఖ్యం. మనం చెప్పే ప్రతి కారణానికీ అమ్మేవాళ్ళ దగ్గర జవాబు ఉంటుంది. "డబ్బుల్లేవు" అంటే "వచ్చే నెల ఇద్దువుగానీ" అంటారు. "మా వారిని అడగాలి" అంటే "ప్రతిదీ ఆయనకు చెప్పాలా ఏంటి" అంటారు. "ఎరుపు రాళ్ళు ఇష్టం లేదు" అంటే పచ్చ రాళ్ళ పెట్టె తెరుస్తారు. మీరు ఒక్కో కారణం అయిపోగొట్టుకుని చివరికి సంచీ పట్టుకుని మెట్లు దిగుతారు. అందుకే ఒకటే మాట పెట్టుకోండి: "చాలా బాగుందక్కా. ఇప్పుడు తీసుకోను." రెండోసారి అడిగితే అదే మాట, అదే నవ్వుతో. మూడోసారి ఎవరూ అడగరు.

ఆ మాట అద్దం ముందు నిలబడక ముందే అనేయండి. పార్టీలో అన్నిటికన్నా కష్టమైన చోటు ఆ అద్దమే. మెడలో హారం వేసి, వెనక కొక్కెం పెట్టి, జుట్టు పక్కకు సర్ది, చుట్టూ ఐదుగురు చేరి "అబ్బ, నీ కోసమే చేసినట్టుంది" అంటుంటే ఎవరికైనా మనసు మెత్తబడుతుంది. కొనే ఉద్దేశం లేని నగ పెట్టుకుని చూడకండి. వేరేవాళ్ళు పెట్టుకుంటుంటే కొక్కెం పెట్టి సాయం చేయండి, నిజంగా బాగుంటే బాగుందని చెప్పండి. ఒకవేళ జుంకాలు పెట్టుకుని చూడాలనిపిస్తే మీ చెవి కమ్మలు తీసి పర్సులో వేసి జిప్పు పెట్టుకోండి. ట్రే అంచున పెడితే గిల్టు కమ్మల గుట్టలో మీ బంగారం కలిసిపోతుంది. ఆ తర్వాత అందరి ముందూ వెతుక్కోవడం ఎవరికీ బాగుండదు.

అరువు మాత్రం ఎంత చిన్న వస్తువుకైనా వద్దు. నా అనుభవం చెప్తాను. నేను పనిచేసిన ఆఫీసులో తోటి ఉద్యోగిని ఒకావిడ ముత్యాల దండలు తెచ్చి అమ్మేది. "జీతం వచ్చాక ఇద్దువుగానీ" అని నా చేతిలో పెట్టింది. మా అమ్మాయి ఫీజు అడ్డొచ్చి నాకు రెండు నెలలు ఆలస్యమైంది. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే నాకు భారమైంది. రోజూ ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకుని తినేవాళ్ళం. ఆ రెండు నెలలూ ఆమె తిని వెళ్ళాక నేను వెళ్ళేదాన్ని. డబ్బు ఇచ్చేశాక కూడా ఆ ఎడం పోలేదు, ఈలోగా ఆమెకు బదిలీ అయింది. దండ నా బీరువాలోనే ఉంది. వేసుకోవాలనిపించదు.

ఇక మీ హారం. 'వన్ గ్రామ్ గోల్డ్' అన్న పేరు వల్ల ఎంతో కొంత బంగారం ఇంటికొచ్చిందని మీరు అనుకుని ఉంటారు. గ్రాము బంగారం ధర పది వేలు ఎప్పుడో దాటింది. 8,500లో గ్రాము బంగారం, రాళ్ళు, మజూరీ, అమ్మినావిడ లాభం, పిలిచినావిడ కమిషన్ అన్నీ ఎలా ఇముడుతాయి? అది రాగి మీదో ఇత్తడి మీదో వేసిన పల్చని పూత. ఆ మాట చెప్పి అమ్మితే మోసం లేదు. మెడ మీద చెమట, సెంటు, కొక్కెం రాపిడి ఎక్కువ తగిలే చోట పూత ముందుగా పోతుంది. మీకు మెడ వెనక ఎర్రగా తేలిందన్నారు కదా, అది లోపలి రాగి అయి ఉంటుంది.

గిల్టు నగలంటే నాకు చిన్నచూపు లేదు. చిలకలపూడి మా బందరులోదే, ఈ నగలతోనే పేరు తెచ్చుకుంది. అచ్చుల మీద రేకు కొట్టి, ముక్కలు అతికి, మెరుగు పెట్టి, పూత వేస్తారు. ఆ పనిలో కొంత ఇళ్ళలో ఆడవాళ్ళ చేతుల మీద జరుగుతుంది. మా పిన్ని పక్కింట్లో ఒకావిడ మధ్యాహ్నం పూట కిటికీ పక్కన కూర్చుని రాళ్ళు అతికేది. ఒళ్ళో తెల్ల గుడ్డ, గుడ్డ మీద ఎర్ర రాళ్ళ చిన్న కుప్ప. పట్టకారు కొసతో ఒక్కో రాయీ ఎత్తి గుంటలో దించి, ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం నొక్కి పట్టేది. ఒక నెమలి పూర్తయ్యేసరికి కిటికీలో ఎండ గోడ మీదికి పోయేది. ఆ పనికి విలువ ఉంది. గిల్టు నగను గిల్టు ధరకు, నాలుగు పెళ్ళిళ్ళకు పెట్టుకుని ఆనందించడానికి కొనుక్కుంటే డబ్బు వృథా పోదు. దాచుకునే సొమ్ము అనుకుని కొంటేనే బాధ.

ఎప్పుడైనా కొంటే నగను వెనక్కి తిప్పి చూడండి. ముందువైపు అన్నీ మెరుస్తాయి. లాకెట్టు వెనక భాగం, కొక్కెం, గొలుసు అతుకులు చూస్తే పని తెలుస్తుంది. పూతకు ఎన్నాళ్ళు గ్యారంటీ, పోతే మళ్ళీ పూత వేసిస్తారా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. చెవికో మెడకో దురద, ఎర్ర దద్దుర్లు వచ్చే ఒళ్ళయితే నికెల్ కలిసిన నగలకు దూరంగా ఉండండి, చాలామందికి పడనిది ఆ లోహమే. సెంటు కొట్టుకున్నాక, అన్నీ అయ్యాక ఆఖర్న నగ పెట్టుకోండి. ఇంటికి రాగానే మెత్తటి బట్టతో తుడిచి, దూది పెట్టి, గాలి పోని కవరులో వేయండి.

శనివారం వెండి వస్తుందన్నారు. 925 అంటే అందులో 92.5 శాతం వెండి, మిగిలింది ఎక్కువగా రాగి. బంగారు పూత వేసిన వెండి హారాలు ఇప్పుడు పెళ్ళిళ్ళలో బాగా కనిపిస్తున్నాయి. గిల్టు ధరకు చాలా ఎక్కువ, బంగారానికి చాలా తక్కువ, అందుకని చవగ్గా వచ్చినట్టే అనిపిస్తుంది. మళ్ళీ అమ్మేటప్పుడు మాత్రం వెండి బరువుకే విలువ కడతారు. పూతకు, రాళ్ళకు, మజూరీకి పెట్టింది తిరిగి రాదు. కాబట్టి మొత్తం బరువు ఎంత, అందులో రాళ్ళు, లక్క పోగా వెండి ఎంత అని అడగండి. వెండికి కూడా 2025 సెప్టెంబర్ 1 నుంచి ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్యతో హాల్‌మార్క్ వచ్చింది. తప్పనిసరి చేయలేదు గానీ, ఉన్నది తీసుకుంటే మీకు నిశ్చింత.

బంగారం విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది. ఎవరి హాల్లోనూ, ఎంత తెలిసినవాళ్ళ దగ్గరయినా, బిల్లు లేకుండా బంగారం కొనకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య లేకుండా షాపులవాళ్ళు అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులుంటాయి: భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ముద్ర, 22కె916 లాంటి స్వచ్ఛత గుర్తు, అంకెలు అక్షరాలు కలిసిన ఆ ఆరు గుర్తుల సంఖ్య. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ సంఖ్య కొడితే నగ ఏమిటో, స్వచ్ఛత ఎంతో, ఎవరు హాల్‌మార్క్ చేయించారో కనిపిస్తుంది. నగ ఉంగరమైతే, యాప్‌లో గాజు అని వస్తే అక్కడే ఆగిపోండి. రెండు గ్రాముల లోపు చిన్న వస్తువులకు, రాళ్ళు పొదిగే కుందన్, పోల్కీ, జడావు నగలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. పార్టీల్లో ఎక్కువగా కనిపించే రకాలు కూడా ఇవే, కాబట్టి జాగ్రత్త. బిల్లు మీద బంగారం బరువు, రాళ్ళ బరువు, తరుగు, మజూరీ, జీఎస్‌టీ విడివిడిగా ఉండాలి. బిల్లు ఉంటే రేపు తేడా వచ్చినా అడగడానికి ఆధారం ఉంటుంది. 1915కు ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్ళు దారి చెప్తారు.

చిట్టీలో చేరకండి. ఇందులో రెండో ఆలోచన పెట్టుకోకండి. నెలకు 5,000 అంటే పన్నెండు నెలలకు 60,000. చిట్టీ నడపాలంటే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలి. హాల్లో నోటు పుస్తకంలో పేర్లు రాసుకుని నడిపేదానికి అవేవీ ఉండవు. అమ్మే ఆవిడ మంచిదే కావచ్చు. కానీ ఆరో నెలలో ఆవిడ ఊరు మారిందనుకోండి, బంగారం ధర పెరిగి ఒప్పుకున్న నగ ఇవ్వలేకపోయిందనుకోండి, మీరు ఎవరి తలుపు కొడతారు? మీ అక్క తలుపే. ఆసుపత్రిలో మీ పక్కన తెల్లవార్లూ కూర్చున్న మనిషిని కట్టిన డబ్బు కోసం నిలదీయాల్సి వస్తుంది. ఆ రోజు రాకూడదంటే పేరు ఇప్పుడే తీయించండి. మీకు కాస్త ధైర్యం ఉంటే ఇదే మాట అక్కతో కూడా చెప్పండి. చిట్టీ దెబ్బతింటే ఆవిడ పది మందికీ జవాబు చెప్పాలి, ఆవిడకు ఆ తలనొప్పి ఎందుకు?

మీ వారి దగ్గర అబద్ధం చెప్పిన సంగతి మీకే బాధగా ఉన్నట్టుంది, అందుకే ఎక్కువ అనను. ఆయనకు కోపం వచ్చింది ఎనిమిది వేలకో, దాచినందుకో మీరే అడిగి చూడండి. శనివారం వెళ్ళే ముందు "ఈ నెల నేను ఇంతే పెట్టగలను" అని ఒక అంకె అనుకుని ఆయనకు చెప్పి వెళ్ళండి. అది మూడు వందలు కావచ్చు, సున్నా అయినా కావచ్చు. మూడు వందలకు నిజంగా నచ్చిన కమ్మలు దొరికితే తెచ్చుకుని రోజూ పెట్టుకోండి.

ఇప్పుడు మొదట్లో ఆపిన మాట. ఆసుపత్రి రాత్రి తర్వాత మీరు అక్కతో ఆ సంగతి కూర్చుని మాట్లాడారా? "థాంక్స్ అక్కా" అని గుమ్మంలో అన్నది కాదు. ఆ రాత్రి మీకు ఎంత భయం వేసిందో, ఆవిడ లేకపోతే ఏమయ్యేదో మీ నోటితో చెప్పారా? చాలామంది చెప్పం. మనసులోనే పెట్టుకుంటాం, అది వేరే దారుల్లో బయటికొస్తుంది. మీకు హారం దారిలో వచ్చింది.

శనివారం దాకా ఆగకండి. గురువారం సాయంత్రం, ఆవిడ ఒక్కతే ఉండే వేళ చూసుకుని పైకి వెళ్ళండి. మీ చేత్తో ఏదైనా చేసి తీసుకెళ్ళండి. గోరుమిటీలో, సున్నుండలో, మీకు ఏది బాగా వస్తే అది. ముందు ఆ రాత్రి గురించి చెప్పండి. కళ్ళనీళ్ళొస్తే రానివ్వండి. అది అయ్యాక హారం బయటికి తీసి మెడ వెనక భాగం చూపించండి. "అక్కా, నిన్ను అనడానికి తేలేదు. మళ్ళీ పూత వేసిస్తారేమో ఆవిడను అడుగుతావా?" అనండి. ఆవిడకు ఇది తెలియాలి కూడా, ఇంకో పది మందికి అదే సరుకు ఇప్పిస్తోంది కదా. ఆ తర్వాత "శనివారం వస్తాను, ఈసారి ఏమీ కొనను, చిట్టీలో నా పేరు తీసెయ్. గంట ముందే వచ్చి చట్నీ రుబ్బి, వచ్చినవాళ్ళకు ప్లేట్లు అందిస్తాను" అనండి. ఇన్ని చేతులు కావాల్సిన పూట మీ రెండు చేతులు ఆవిడకు ఏ హారం బిల్లు కన్నా పనికొస్తాయి. ఆవిడ ఒక్క క్షణం చిన్నబుచ్చుకోవచ్చు. కంగారుపడి మాట మార్చేయకండి, ఆ క్షణం పోనివ్వండి.

వెళ్ళేటప్పుడు బాబును కూడా తీసుకెళ్ళండి. ఆ మిఠాయి డబ్బా వాడి చేతికే ఇచ్చి, మెట్ల మీద మీకన్నా ముందు నడవనివ్వండి.